వెయ్యి అడుగుల వలయం

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో పిస్టల్ వెంటపెట్టుకుని తిరగడానికి లైసెన్సు అక్కర్లేదు. 21 ఏళ్లు నిండి, తుపాకీ ఉంచుకోవడానికి చట్టపరమైన అడ్డేమీ లేని మనిషి లోడ్ చేసిన పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టుకుని నడవొచ్చు, కారు నడపొచ్చు. రాష్ట్రం లెక్కలో అతను ఏ తప్పూ చేయలేదు. ఆ మనిషే పొద్దున ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఆఫీసుకు బయల్దేరి, ఒక ఎలిమెంటరీ స్కూలు ముందునుంచి వెళ్లాడనుకోండి. స్కూలు ఆవరణకు 1,000 అడుగుల లోపలికి కారు వచ్చిందంటే ఫెడరల్ నేరం జరిగిపోయినట్టే. గరిష్ఠ శిక్ష 5 ఏళ్ల జైలు. అవతలి సిగ్నల్ దాటాక మళ్లీ అతను మామూలు పౌరుడు.

రోజూ ఎంతమంది ఇలా నేరంలోకి వెళ్లి బయటికి వస్తున్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. పెట్టాలన్న కోరిక కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు. పోలీసు ఆపడు, ప్రాసిక్యూటర్ పట్టించుకోడు. కానీ చట్టం పుస్తకంలో అలాగే ఉంది, ఎప్పుడైనా తీసి వాడొచ్చు. అమెరికాలో బడుల చుట్టూ తుపాకులను నిషేధించే చట్టాల గురించి వాదన వచ్చినప్పుడల్లా ఒక వర్గం పిల్లల ప్రాణాలంటుంది, మరో వర్గం తుపాకీ హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణ అంటుంది. రెండూ పెద్ద మాటలే. తుపాకీ ఉన్న సామాన్యుడి మీద ఈ చట్టాలు అసలు ఎలా పనిచేస్తాయన్న చిన్న ప్రశ్న మాత్రం ఆ హోరులో కలిసిపోతోంది.

ముందు ఫెడరల్ చట్టం ఏమంటుందో చూద్దాం. 1990 నవంబరులో మొదటి జార్జ్ బుష్ సంతకం చేసిన నేర నియంత్రణ చట్టంలో ఇదొక భాగం. ప్రభుత్వ, ప్రైవేటు, చర్చి బడుల ఆవరణలూ, వాటి సరిహద్దు నుంచి 1,000 అడుగుల దాకా ఉన్న స్థలమూ స్కూల్ జోన్. బడి అంటే ఎలిమెంటరీ నుంచి హైస్కూలు దాకానే. కాలేజీలు, యూనివర్సిటీలు దీని కిందికి రావు. 1,000 అడుగులంటే దాదాపు 305 మీటర్లు. బడిని ఒక చుక్క అనుకుని గీసినా ఆ వలయంలో 70 ఎకరాలకు పైగా పడతాయి. నిజానికి కొలత ప్రహరీ నుంచి మొదలవుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. దేశంలో ప్రభుత్వ బడులు లక్షకు దగ్గర, ప్రైవేటువి మరో 30 వేల దాకా ఉన్నాయి. ఊరి మధ్య ఈ వలయాలు ఒకదాని మీద ఒకటి పడి, బయటపడే దారి లేకుండా అల్లుకుపోతాయి.

ఆ 1,000 అడుగుల సంఖ్య తుపాకుల కోసం లెక్కేసి తేల్చింది కూడా కాదు. 1984లో బడుల దగ్గర మాదకద్రవ్యాలు అమ్మేవాళ్లకు శిక్ష పెంచుతూ చేసిన చట్టంలో అప్పటికే ఆ దూరం ఉంది. బడి గేటు దగ్గర నిలబడి సరుకు అమ్మేవాడికి అది సరిపోయే కొలతే. ఇంటి నుంచి షూటింగ్ రేంజ్‌కి కారులో వెళ్లేవాడికీ అదే కొలత పెట్టడంలోనే చిక్కు మొదలైంది.

మినహాయింపులు లేకపోలేదు. బడికి చెందని ప్రైవేటు స్థలంలో ఉంటే పర్వాలేదు, అంటే వలయం లోపల సొంత ఇల్లున్నవాడు ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చు. తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలోనో వాహనంలోని తాళం ఉన్న గన్ ర్యాక్‌లోనో పెడితే తీసుకెళ్లొచ్చు. బడి ఆమోదించిన కార్యక్రమానికి, బడితో ఒప్పందం ఉన్న సెక్యూరిటీకి, డ్యూటీలో ఉన్న పోలీసుకి అనుమతి ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైనది లైసెన్సు మినహాయింపు: ఆ స్కూల్ జోన్ ఉన్న రాష్ట్రమే లైసెన్సు ఇచ్చి ఉండాలి, ఇచ్చే ముందు పోలీసు యంత్రాంగం అర్హత పరిశీలించాలని ఆ రాష్ట్ర చట్టం చెప్పి ఉండాలి.

ఇంకో షరతు ఉంది. అది స్కూల్ జోన్ అని మనిషికి తెలిసుండాలి, లేదా తెలిసే కారణం ఉండాలి. వినడానికి బాగానే ఉంది. కానీ దీని ఫలితం విచిత్రం. దారి తప్పి ఊళ్లోకి వచ్చిన పరాయివాడికి తెలియదనే రక్షణ దొరుకుతుంది. రోజూ ఆ బడిలోనే తన పిల్లల్ని దింపే తండ్రికి దొరకదు.

ఈ చట్టం ఒకసారి చచ్చి బతికింది. 1992 మార్చిలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఎడిసన్ హైస్కూలుకి పన్నెండో తరగతి కుర్రాడొకడు .38 పిస్టల్, అయిదు తూటాలతో వచ్చాడు. ముఠా గొడవ కోసం ఇంకొకరికి చేరవేస్తే 40 డాలర్లు వస్తాయని తెచ్చినట్టు కోర్టు రికార్డు చెబుతోంది. రాష్ట్రం పెట్టిన కేసు ఎత్తేసి ఫెడరల్ కేసు పెట్టారు, ఆరు నెలల జైలు పడింది. అప్పీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995 ఏప్రిల్‌లో లోపెజ్ కేసుగా పేరుపడ్డ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ 5-4 మెజారిటీతో చట్టాన్ని కొట్టేశారు. అందులో తుపాకీ హక్కు ఊసే లేదు. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం కింద కాంగ్రెస్ ఈ చట్టం చేసింది. బడిలో తుపాకీ పట్టుకోవడం వాణిజ్యం ఎలా అవుతుందన్నదే ప్రశ్న. హింస వల్ల చదువు చెడుతుంది, చదువు చెడితే ఆర్థిక వ్యవస్థ దెబ్బతింటుందని జస్టిస్ బ్రయర్ అసమ్మతి తీర్పులో వాదించారు. ఆ లెక్కన కాంగ్రెస్ చేయలేని చట్టమే ఉండదని మెజారిటీ భావించింది. వాణిజ్య అధికారం హద్దు దాటిందని సుప్రీంకోర్టు ఒక చట్టాన్ని కొట్టేయడం దాదాపు 60 ఏళ్లలో అదే మొదటిసారి.

కాంగ్రెస్ 1996లో ఒక్క షరతు చేర్చి చట్టాన్ని తిరిగి తెచ్చింది: ఆ తుపాకీ ఎప్పుడో ఒకప్పుడు రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో కదిలి ఉండాలి. ఒక రాష్ట్రంలో తయారై మరో రాష్ట్రంలో అమ్ముడుపోని తుపాకీ అమెరికాలో ఎన్నోవంతు ఉంటుంది? విచారణలో ఒక నిపుణుడు వచ్చి ఇది ఫలానా రాష్ట్రం ఫ్యాక్టరీలో తయారైందని చెబితే ఆ షరతు తీరిపోతుంది. దిగువ అప్పీలు కోర్టులు ఈ సవరణ చాలని ఒప్పుకున్నాయి. లోపెజ్ తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ గొప్పగా చెబుతారు, రోడ్డు మీద దాని ప్రభావం దాదాపు సున్నా.

1990లో ఈ చట్టం రాసినప్పుడు తుపాకీ వెంటపెట్టుకోవాలంటే చాలా రాష్ట్రాల్లో లైసెన్సు కావాలి. అది ఉన్నవాడంటే పరీక్షకు నిలిచినవాడని లెక్క. కాబట్టి లైసెన్సు మినహాయింపు న్యాయంగానే కనిపించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో నేల కదిలిపోయింది. 2024 నాటికి 29 రాష్ట్రాలు లైసెన్సు లేకుండానే తుపాకీ ధరించొచ్చని చట్టాలు చేశాయి. తుపాకీ హక్కుల సంఘాలు వీటిని గెలుపుగా పండగ చేసుకున్నాయి. ఎవరూ గట్టిగా చెప్పని సంగతేమిటంటే, రాష్ట్రం లైసెన్సు అక్కర్లేదన్న ప్రతిసారీ ఫెడరల్ మినహాయింపు వర్తించని జనం పెరిగారు. స్వేచ్ఛ ఇచ్చామన్న శాసనసభే తన పౌరులను కొత్తగా ఒక నేరం అంచుకు తెచ్చి నిలబెట్టింది. ఈ రాష్ట్రాల్లో చాలావరకు కోరినవాళ్లకు పాత లైసెన్సును ఇంకా ఇస్తూనే ఉన్నాయంటే దానికి ఒక కారణం ఈ స్కూల్ జోనే.

వెర్మాంట్‌ది ఇంకా ఇరకాటం. ఆ రాష్ట్రం తుపాకీ ధరించడానికి లైసెన్సు అడగదు, అడిగినా ఇవ్వదు, అసలు అలాంటి కార్డే లేదు. కాబట్టి వెర్మాంట్ మనిషి ఎంత బుద్ధిమంతుడైనా తన రాష్ట్రంలో లైసెన్సు మినహాయింపు సంపాదించుకునే దారి లేదు. పొరుగు రాష్ట్రం లైసెన్సు తెచ్చుకున్నా ఉపయోగం లేదు, చట్టం జోన్ ఉన్న రాష్ట్రమే ఇవ్వాలంటోంది. రాష్ట్రాలు ఒకరి లైసెన్సును ఒకరు గుర్తించుకునే ఒప్పందాలున్నాయి. ఫ్లోరిడా కార్డుతో జార్జియాలో తిరగొచ్చు. కానీ గుర్తించడం వేరు, ఇవ్వడం వేరని తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ వివరణ. సరిహద్దు దాటి బంధువుల ఇంటికి వెళ్లే మనిషికి మొదటి ఊళ్లో మొదటి బడి దగ్గరే ఆ కార్డు పనికిరాకుండా పోతుంది.

పోలీసులకూ ఇది తప్పలేదు. డ్యూటీలో లేని, రిటైరైన పోలీసులు దేశమంతా తుపాకీ ధరించొచ్చని 2004లో ఒక ఫెడరల్ చట్టం వచ్చింది. అది రాష్ట్ర చట్టాలను పక్కన పెడుతుంది గానీ ఫెడరల్ చట్టాలను పెట్టదు. స్కూల్ జోన్ చట్టంలోనేమో అధికారిక విధుల్లో ఉన్న పోలీసుకే మినహాయింపు. ముప్పై ఏళ్లు డిటెక్టివ్‌గా చేసి రిటైరై, మనవణ్ణి వేరే రాష్ట్రంలో బడికి దింపబోయిన తాత సంగతి అక్షరాలా చదివితే నేరమే. పేల్చడం గురించి వేరే సెక్షన్ ఉంది, అందులో లైసెన్సు మినహాయింపు కూడా లేదు. బడి పక్క ఫుట్‌పాత్ మీద ఎవరైనా దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చినవాడి సంగతేమిటో ఆ సెక్షన్ ఒక్క ముక్క చెప్పదు.

ఇక రాష్ట్ర చట్టాలు. వీటిని వరసగా చెబితే పట్టికవుతుంది, రెండు మూడు చాలు. బడి భవనంలోకి తుపాకీ తేవడాన్ని టెక్సాస్ నేరమంటుంది, లైసెన్సున్నవాడు పార్కింగ్‌లో కారులో వదిలేస్తే ఊరుకుంటుంది. కాలిఫోర్నియాకు సొంత 1,000 అడుగుల చట్టం ఉంది. 2016 నుంచి లైసెన్సున్నవాళ్లను కూడా ఆవరణలోకి రానివ్వడం లేదు. యూటాలో లైసెన్సున్నవాడు తుపాకీతోనే టీచర్‌ని కలిసి రావొచ్చు. వయోమింగ్ 2025లో ఆ దారే పట్టింది. ఆరెగాన్ 2021లో నిర్ణయాన్ని స్కూల్ బోర్డులకు వదిలేసింది, ఒక జిల్లాలో చెల్లింది పక్క జిల్లాలో చెల్లదు.

మిషిగన్ కథ మాత్రం కాస్త నిలబడి చూడాలి. అక్కడ బడి ఆవరణలో ఆయుధాలు కూడదన్న చట్టం లైసెన్సుదారులను మినహాయించింది. లైసెన్సు చట్టమేమో బడుల్లో పిస్టల్ దాచి తీసుకెళ్లకూడదంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తేలేది: చొక్కా కింద దాస్తే తప్పు, అందరికీ కనబడేలా నడుముకు వేలాడదీస్తే ఒప్పు! 2015లో ఆన్ ఆర్బర్‌లోని పయొనీర్ హైస్కూల్లో సంగీత కచేరీకి ఒకాయన అచ్చం అలాగే పిస్టల్ కనబడేలా వచ్చి కూర్చున్నాడు. చెల్లెలు పాడుతోంది, వినడానికి వచ్చాడు. తల్లిదండ్రులు హడలిపోయారు, పోలీసులు వచ్చి చూసి చట్టప్రకారం చేసేదేమీ లేదన్నారు. స్కూల్ బోర్డు సొంతంగా నిషేధం పెట్టింది, తుపాకీ యజమానుల సంఘం కోర్టుకెళ్లింది. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3తో బోర్డుకు ఆ అధికారం ఉందని తేల్చింది. శాసనసభ రెండు చట్టాలను కలిపి చదువుకుని ఉంటే ఈ మూడేళ్ల వ్యాజ్యం ఉండేది కాదు.

ఇంకోవైపు, బడిలోకి తుపాకీ రావాలనే చట్టాలూ పెరిగాయి. 2018లో పార్క్‌ల్యాండ్ హైస్కూలు కాల్పుల్లో 17 మంది చనిపోయాక ఫ్లోరిడా శిక్షణ పొందిన సిబ్బందికి తుపాకీ ఇచ్చే పథకం పెట్టింది. 2022లో ఒహాయో, బడిలో తుపాకీ పట్టే టీచర్లకు అంతకుముందున్న 700 గంటలకు పైబడిన శిక్షణను 24 గంటలకు కుదించింది. యువాల్డీ ఎలిమెంటరీ స్కూలు కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు బలైన మరుసటి ఏడాది, టెక్సాస్ ప్రతి బడిలోనూ సాయుధ భద్రత ఉండాలంది. యువాల్డీలో ఆరోజు సాయుధ పోలీసులకు కొదవ లేదు, గంటకు పైగా వరండాలో నిలబడ్డారన్న సంగతి ఆ చర్చలో ఎంత లెక్కకొచ్చిందో అనుమానమే.

ఇంతకీ ఫెడరల్ చట్టాన్ని ఎవరి మీద వాడుతున్నారు? ఈ మధ్య రెండు కేసులు చూస్తే నాకు అర్థమైంది ఇది. 2023 వేసవిలో మోంటానాలోని బిల్లింగ్స్‌లో ఒక ఎలిమెంటరీ స్కూలుకు ఎదురింటి మనిషి షాట్‌గన్ పట్టుకుని ఇంటి చుట్టూ, వీధిలో పహరా తిరిగేవాడు. తమను వేధిస్తున్న ఒక పొరుగువాడి నుంచి తల్లిని కాపాడుకోవడానికని అతని మాట. జనం ఫోన్లు చేశారు, రాష్ట్ర చట్టం ప్రకారం తప్పేమీ లేదని స్థానిక పోలీసులు చేతులెత్తేశారు. ఫెడరల్ వాళ్లు స్కూల్ జోన్ కేసు పెట్టారు. సొంత పెరట్లో ఉన్నంతసేపూ నేరం కాదు, ఫుట్‌పాత్ మీద అడుగుపెట్టినందుకు నేరం. మోంటానాలో ఒక తమాషా చట్టం ఉంది: తుపాకీ నిషేధం లేని ప్రతి పౌరుణ్ణీ రాష్ట్రం పరిశీలించి లైసెన్సిచ్చినట్టే భావించాలి, ఫెడరల్ స్కూల్ జోన్ చట్టం కోసమే ఇది అని అందులో రాసి ఉంది. ఫారం నింపిందీ లేదు, వేలిముద్ర వేసిందీ లేదు, ఊరందరికీ ఒక్క కలంపోటుతో లైసెన్సు! కింది కోర్టు ఒప్పుకోలేదు. 2025లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కేసు కొట్టేయమంది. సొంత రాష్ట్రం లైసెన్సుందని చట్టంలోనే రాసి ఇచ్చినప్పుడు, ఇది నేరమని పౌరుడికి తగిన హెచ్చరిక లేదన్నది తీర్పు సారం.

రెండోది టెక్సాస్ బోమాంట్‌లో. 2023 జనవరిలో ఒక చర్చి స్కూలు పక్క వీధిలో ఒకతను రోజుల తరబడి కారు ఆపుకుని ఉండటంతో బడి వాళ్లకు భయం పట్టుకుంది. చివరికి కారు ఆపి చూస్తే ఏఆర్-15 తరహా రైఫిల్ దొరికింది. అక్కడా రాష్ట్ర చట్టం దూరని చోట ఫెడరల్ సెక్షన్ దూరింది. ఐదో సర్క్యూట్ 2025లో శిక్షను నిలబెట్టింది.

చట్టాన్ని మొత్తంగా ఎత్తేయాలనేవాళ్లు ఈ రెండు కేసుల దగ్గర తడబడతారు. బడి ఎదుట రోజుల తరబడి రైఫిల్‌తో కాపు కాసేవాడిని ఏదో జరిగేదాకా చూస్తూ ఊరుకోవాలని ఏ తల్లీ ఒప్పుకోదు. చట్టాన్ని ఇలాగే ఉంచాలనేవాళ్లూ అక్కడే తడబడాలి: ఈ ఇద్దరినీ పట్టుకున్న సెక్షన్‌కు, ఆఫీసుకు వెళ్లే ఫ్రిస్కో డ్రైవరుకూ వాళ్లకూ తేడా తెలియదు. తేడా ప్రాసిక్యూటర్ విచక్షణలో ఉంది, చట్టంలో లేదు.

రాజ్యాంగం ప్రశ్న ఇంతకన్నా సులువు. 2008 హెల్లర్ తీర్పులోనే సుప్రీంకోర్టు బడులను సున్నితమైన స్థలాలంది, తుపాకీ హక్కును బాగా విస్తరించిన 2022 బ్రూయెన్ తీర్పు కూడా దాన్ని కాదనలేదు. బడి గేటు లోపల నిషేధానికి ఢోకా లేదు. గేటు బయటి 1,000 అడుగుల గురించే తగువు. జనం గుమిగూడతారన్నంత మాత్రాన మన్‌హటన్ దీవి మొత్తాన్ని సున్నిత స్థలమనడం కుదరదని బ్రూయెన్ తీర్పే చెప్పింది. వలయాలు కలిసి ఊరంతా కమ్మేస్తే ఆ మాట దీనికీ తగులుతుందా? పోలింగ్ కేంద్రాల చుట్టూ పూర్వం కొంత దూరం నిషేధాలుండేవన్న చరిత్రతో ఐదో సర్క్యూట్ సరిపెట్టుకుంది, అదీ ఆ ఒక్క కేసు వాస్తవాల మేరకే.

ఈ చట్టాలు ప్రాణాలు కాపాడుతున్నాయా అని అడిగేవాళ్లకు తృప్తికరమైన జవాబు దొరకదు. సామూహిక కాల్పులు దాదాపు అన్నీ తుపాకీ నిషేధం ఉన్నచోట్లే జరుగుతాయని తుపాకీ హక్కులను సమర్థించే పరిశోధకుడు జాన్ లాట్ వంటివాళ్లు ఏళ్లుగా అంటున్నారు. 2024లో లాన్సెట్ పత్రికల కుటుంబంలో వచ్చిన ఒక అధ్యయనం అలాంటి చోట్ల కాల్పుల అవకాశం తక్కువని తేల్చింది. నిషేధిత స్థలమంటే ఏమిటన్న నిర్వచనం దగ్గరే ఇద్దరూ వేరు. పైగా ఇద్దరూ మాట్లాడేది భవనాల గురించి. 300 మీటర్ల అవతల వీధిలో కారులో పోయే పిస్టల్ గురించి కాదు. చావడానికి సిద్ధపడి బడికి వచ్చేవాణ్ణి 5 ఏళ్ల శిక్ష ఆపదు. జేబులో తుపాకీతో క్లాసుకొచ్చే కుర్రాడి విషయంలో చట్టానికి కాస్త పట్టుంది. దానికి 1994 చట్టం వేరే ఉంది, ఫెడరల్ నిధులు కావాలంటే అలాంటి విద్యార్థిని కనీసం ఏడాది బహిష్కరించే నియమం రాష్ట్రంలో ఉండాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ వ్యవహారంలో మరో మెలిక ఉంది. ఎఫ్-1 మీద చదువుకునేవాళ్లూ, హెచ్-1బీ మీద పనిచేసేవాళ్లూ వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపుల్లో లేకపోతే తుపాకీ చేతపట్టకూడదు. బడి దగ్గరైనా అడవిలోనైనా అంతే. వీకెండ్‌లో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అద్దె తుపాకీతో ఫొటో దిగి వాట్సాప్ గ్రూపులో పెట్టే కుర్రాళ్లకు ఈ సంగతి తెలిసినట్టు లేదు. గ్రీన్ కార్డున్నవాళ్లు మాత్రం తుపాకీ కొనుక్కోవచ్చు. గ్యాస్ స్టేషన్లు, మోటెళ్లు నడిపేవాళ్లు దోపిడీల భయంతో కొనుక్కుంటారు, రాత్రి కౌంటర్ కట్టేసి దాన్ని కారులో వేసుకుని ఇంటికొస్తారు. దారిలో బడి ఉంటుంది. పౌరుడికైతే ఈ నేరం మిగతా చట్టాల లెక్కలో చిన్న నేరంగానే ఉంటుంది. పౌరసత్వం రానివాడికి అలా కాదు. ఏ చట్టాన్నైనా ఉల్లంఘించి తుపాకీ కలిగి ఉన్నట్టు శిక్షపడిన విదేశీయుణ్ణి దేశం నుంచి పంపేయొచ్చని ఇమ్మిగ్రేషన్ చట్టం చెబుతోంది, అక్కడ శిక్ష పెద్దదా చిన్నదా అన్న విచారణ లేదు. ఇరవై ఏళ్ల కాపురం, పిల్లల కాలేజీ, ఇంటి అప్పు అన్నీ ఆ ఒక్క సెక్షన్ మీద ఆధారపడతాయి.

బాగుచేయాలంటే దారి లేక కాదు. బడి ఆవరణలో నిషేధం ఉన్నది ఉన్నట్టు ఉంచి, వలయంలో మాత్రం ఆగకుండా వెళ్లిపోయేవాడినీ అక్కడే మకాం వేసేవాడినీ చట్టమే విడదీస్తే చాలావరకు తీరుతుంది. వాషింగ్టన్‌లో అలాంటి బిల్లు కనబడదు. ప్రతినిధుల సభలో రాన్ పాల్, ఆయన తర్వాత థామస్ మాసీ పెట్టిన బిల్లులు చట్టం మొత్తాన్ని రద్దు చేయమంటాయి, ఓటింగ్ దాకా రావు. రాష్ట్రాల లైసెన్సులు దేశమంతా చెల్లాలన్న బిల్లులో స్కూల్ జోన్ సవరణ కూడా కలిపారు. 2017లో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్ దాటలేదు. అందాకా టెక్సాస్‌లో ఉన్నవాడు 40 డాలర్ల ఫీజు కట్టి, నాలుగు నుంచి ఆరు గంటల క్లాసుకు కూర్చుని, రాష్ట్రం అక్కర్లేదన్న లైసెన్సును తెచ్చుకుని పర్సులో పెట్టుకోవడం మంచిది. వెర్మాంట్‌లో ఉన్నవాడు తూటాలు తీసి పెట్టెకు తాళం వేసుకోవాల్సిందే.